ఇంజను మార్చింది మీరు... క్లచ్చి కాలితే తప్పు డ్రైవరుదా?

బండికి ఇంజను మార్చారు. పాతది పొగ కక్కి, ఆయిలు తాగి ఇక లాభం లేదనిపించింది. విజయవాడ ఆటోనగర్ వెళ్లి, వేరే బండిలోంచి దింపిన ఇంజను బేరమాడి తెచ్చారు. షెడ్డులో ఎక్కించారు. తాళం తిప్పగానే అందుకుంది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి లోడుకు పంపారు. పది పదిహేను రోజులు గడిచాయో లేదో కబురొచ్చింది. ఏటిగట్టు ఎక్కేచోట బండి నిలబడిపోయింది, కాలిన కంపు కొడుతోంది, క్లచ్చి పోయినట్టుంది అని. అప్పుడు మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటో రాజోలు దీవిలో ఎవర్నడిగినా చెబుతారు. "హాఫ్ క్లచ్చి మీద తొక్కి నాశనం చేశావు కదరా!"

ఆ ఒక్క మాటతో విచారణ అయిపోతుంది. ప్లేటు ఖరీదు డ్రైవరు జీతంలో కోస్తారు. కొత్త ప్లేటు వేస్తారు. మళ్లీ నెల తిరక్కుండానే అదే కథ.

రైతు పేజీలో లారీ గోలేమిటని అనుకోకండి. దింపు తీసిన కాయ దొడ్లో ఉన్నంతసేపూ డబ్బు కాదు. అది గట్టెక్కి అంబాజీపేట చేరాలి, లేదా ఉత్తరాది లారీలోకి ఎక్కాలి. మన దగ్గర సొంతానికి ఒక 407 పెట్టుకుని, తన తోట కాయతోపాటు పక్కవాళ్ల కాయ కూడా తోలుకునే రైతులు ఊరూరా ఉన్నారు. దసరా, దీపావళి ముందు వచ్చే గిరాకీలో బండి పది రోజులు షెడ్డులో పడుకుంటే పోయేది ప్లేటు ఖరీదొక్కటే కాదు. ఒప్పుకున్న లోడు పోతుంది, దింపు కూలీలకు చెప్పిన మాట పోతుంది, వ్యాపారి ఇంకో బండి చూసుకుంటాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఇంజను మార్చిన బండికి నెలా రెణ్ణెల్లలో క్లచ్చి పోయిందంటే మొదట అనుమానించాల్సింది డ్రైవరు కాలిని కాదు. ఆ ఇంజనునీ ఈ గేరుబాక్సునీ కలిపిన పద్ధతిని.

ఎందుకంటారా? క్లచ్చి ప్లేటు పరిస్థితి కొత్త కోడలి లాంటిది. దానికి పుట్టిల్లు ఒకటి, అత్తిల్లు ఒకటి. ప్లేటు బయటి చుట్టుకొలత ఇంజను ఫ్లైవీలుకీ, దాని మీద బిగించే ప్రెషరు ప్లేటుకీ సరిపోవాలి. మధ్యనున్న బొడ్డులోని పళ్లు గేరుబాక్సు షాఫ్టు పళ్లకు సరిపోవాలి. కంపెనీనుంచి వచ్చిన బండిలో ఈ రెండూ ఒకరే చూసి కుదిర్చారు కాబట్టి ఇబ్బంది లేదు. మీరు ఇంజను ఒకచోటినుంచి తెచ్చి పాత గేరుబాక్సుకు తగిలించినప్పుడు ఆ కుదిర్చే బాధ్యత ఎవరిది? షాపుకెళ్లి బండి పేరు చెప్పి ప్లేటు అడిగితే గేరుబాక్సుకు సరిపోయేది ఇస్తారు. ఇంజను పేరు చెబితే ఇంజనుకు సరిపోయేది ఇస్తారు. రెండింటికీ సరిపోయేది కావాలంటే పాత ప్లేటు చేత్తో పట్టుకెళ్లి, చుట్టుకొలత కొలిచి, పళ్లు లెక్కపెట్టి తేవాలి. ఆ కొలిచే పని ఎంతమంది చేస్తున్నారు?

దీనికి మన పాత మేస్త్రీలను తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. 1954లో టాటావాళ్లు జర్మనీ బెంజివాళ్లతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలాకాలం మన రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా టాటా బెంజి, లేలాండు. ఒక బండి ఇంజను విప్పి అదే రకం ఇంకో బండికి వేస్తే చాలావరకు అతికినట్టు కూర్చునేది. "ఇంజనంటే ఇంజనే" అన్న మాట ఆ రోజులది. ఇప్పుడు అలా కాదు. ఒకే పేరుతో నాలుగు రకాలున్నాయి. 1986లో వచ్చిన 407నే తీసుకోండి. దానికి తర్వాత వేసిన 497 ఇంజను పేరులో 4 అంటే నాలుగు సిలిండర్లు, 97 అంటే బోరు 97 మిల్లీమీటర్లు. ఆ అంకెతోనే టర్బో లేనిదీ ఉంది, టర్బో ఉన్నదీ ఉంది. బయటినుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ మెకానిక్కులు టార్కు అంటారే, ఆ మెలితిప్పే బలం టర్బో దాంట్లో ఎక్కువ. టర్బో లేని బండికి టర్బో ఇంజను వేసి, పాత క్లచ్చే ఉంచారనుకోండి. ఖాళీ బండి బ్రహ్మాండంగా పరిగెడుతుంది. "భలే ఇంజను దొరికిందిరా" అని అందరికీ చెప్పుకుంటారు. లోడేసి చించినాడ వంతెన ఎక్కేసరికి ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ప్రెషరు ప్లేటు స్ప్రింగుకు అంత బలాన్ని పట్టుకునే శక్తి లేదు మరి. అక్కడ డ్రైవరు చేసిన తప్పేముంది?

ఇక ఫ్లైవీలు సంగతి. నేను చూసినంతలో ఎక్కువ డబ్బు తగలేస్తున్నది ఇక్కడే. తెచ్చిన ఇంజను ఫ్లైవీలు మీద గీతలు, వేడికి వచ్చిన నీలం మచ్చలు ఉంటే లేతు మీద ఫేసింగు కొట్టిస్తారు. మంచి పనే. కానీ కొన్ని ఫ్లైవీళ్లలో ప్లేటు ఆనే ముఖం ఒక మట్టంలో, ప్రెషరు ప్లేటు కవరు బిగించే అంచు ఇంకో మట్టంలో ఉంటాయి. ఆ రెండు మట్టాల మధ్య తేడా కంపెనీవాళ్లు లెక్కకట్టి పెట్టింది. ప్లేటు ఆనే ముఖాన్ని మాత్రమే కోసి అంచును వదిలేస్తే ఆ తేడా మారిపోతుంది. స్ప్రింగు నొక్కాల్సినంత గట్టిగా నొక్కదు. కొత్త ప్లేటు కూడా మొదటి రోజునుంచే జారుతుంది. లేతు దగ్గర ముఖం ఎంత కోస్తే అంచూ అంతే కోయాలి. లేతుకు పంపేముందు ఆ తేడా కొలిచి కాగితం మీద రాసుకోవడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు ఓపిక లేక ప్లేట్ల మీద ప్లేట్లు మారుస్తున్నాం.

క్రాంకు చివర చిన్న బేరింగు ఒకటుంటుంది. పైలట్ బేరింగు అంటారు. గేరుబాక్సు షాఫ్టు ముక్కు అందులో కూర్చుంటుంది. ఇంజను మారితే ఆ రంధ్రం కొలత మారవచ్చు. అప్పుడు షెడ్డువాళ్లు లేతు మీద ఇత్తడి బుష్షు తిరగేయించి కొట్టేస్తారు. అది బిగుతైతే క్లచ్చి తొక్కినా గేరుబాక్సు షాఫ్టు ఇంజనుతోపాటే తిరుగుతుంది. గేరు గర్రుమంటుంది, రివర్సు అసలు పడదు. వదులైతే, లేదా "దీనికి అక్కర్లేదులే" అని అసలు వెయ్యకపోతే షాఫ్టు ముక్కు ఊగుతుంది. కొన్నాళ్లకు ప్లేటు బొడ్డు చీలుతుంది, గేరుబాక్సు ముందు బేరింగు అరుస్తుంది. బొటనవేలంత బేరింగుతో గేరుబాక్సు దాకా వస్తుంది చేటు.

ఎక్కించే పద్ధతి కూడా చూడండి. గేరుబాక్సును జాకీ మీద సమంగా ఎత్తి, షాఫ్టు దానంతటది ప్లేటు పళ్లలోకి జారేలా తొయ్యాలి. చీకటి పడుతోంది, లోడు టైమవుతోంది, పార్టీ ఫోన్లు చేస్తున్నాడు. ఆ హడావుడిలో గేరుబాక్సు బరువంతా షాఫ్టు మీద వేలాడదీసి, బోల్టులతో బిగించి లాగేస్తారు. అక్కడే ప్లేటు బొడ్డు వంగిపోతుంది. ఇంజనుకూ బెల్ హౌసింగుకూ మధ్య సూటి తప్పకుండా పట్టుకునే డోవెల్ పిన్నులు పాత ఇంజనుతోపాటే పోతాయి, ఎవరూ వెతకరు. మధ్యలో తుప్పు, పెయింటు పెళుసు మిగిలినా చాలు, వెంట్రుకవాసి తేడా వస్తుంది. బండి కదిలేటప్పుడు వణికినట్టు దడదడలాడుతుంది. అయితే అదే దడ ఇంజను మౌంటింగు రబ్బర్లు చచ్చినా, ప్లేటుకు ఆయిలు తగిలినా వస్తుంది. కాబట్టి గేరుబాక్సు దింపకముందే మౌంటింగులు చూడమనండి. అది పైనుంచే కనిపించే పని.

ఆ మధ్య మలికిపురం వైపు ఒక షెడ్డులో ఇలాంటి బండే చూశాను. ఇంజను మార్చాక అది మూడో ప్లేటు. రెండింటి డబ్బు డ్రైవరు జీతంలో అప్పటికే విరిచారు. ఆ కుర్రాడు నిలబడి "ఆయ్, నేను కాలు కూడా ఆనించలేదండీ" అంటున్నాడు, ఎవరూ వినడం లేదు. బల్ల కింద పడేసిన పాత ప్లేటు తీసి చూస్తే ఫ్లైవీలు వైపు ముఖం నల్లటి ఆయిలుతో తడిసి ఉంది. ఇంజను వెనకాల క్రాంకు ఆయిలు సీలు కారుతోంది. ఎన్నాళ్లో యార్డులో పడి ఉన్న ఇంజను, సీలు ఎండి గట్టిపడింది. ఎక్కించేటప్పుడే ఆ సీలు మార్చి ఉంటే ప్లేటుకయిన ఖర్చులో పిసరంతతో పోయేది. ప్లేటు మార్చిన ప్రతిసారీ ఆయిలు తుడిచి కొత్తది వేశారు తప్ప అది ఎక్కడిదని అడిగినవాళ్లు లేరు. యజమాని మంచివాడే, ఒక ప్లేటు డబ్బు అక్కడికక్కడే తిరిగిచ్చారు. రెండోదాని సంగతి మాత్రం నేనున్నంతసేపూ తేలలేదు.

అందుకే అంటున్నాను, తీసిన ప్లేటును పారెయ్యనివ్వకండి. సాక్ష్యం అంతా దాంట్లోనే ఉంటుంది. నల్లగా పల్చటి ఆయిలు ఉంటే ఇంజను సీలు. చిక్కగా ఘాటు వాసన కొట్టే ఆయిలు గేరుబాక్సు వైపు ఉంటే ముందు షాఫ్టు సీలు. బొడ్డు దగ్గర చీలిందంటే సూటి తప్పింది, లేదా ఎక్కించేటప్పుడు వేలాడదీశారు. ప్లేటు మధ్య స్ప్రింగులు ఫ్లైవీలు బోల్టులకు రాసుకున్న గుర్తులుంటే వేసింది ఆ ఇంజనుకు సరిపడే ప్లేటు కాదు, లేదా తిరగేసి వేశారు. రెండు ముఖాలూ సమంగా మాడి, ఫ్లైవీలు నీలంగా మారి సన్నటి పగుళ్లు పడితే అప్పుడు డ్రైవరును అడగొచ్చు. అదీ వెంటనే కాదు. పెడలులో ఉండాల్సిన ఖాళీ ఉందా, ఫ్లైవీలు మట్టం సరిగా ఉందా చూశాకే. ఎందుకంటే ఖాళీ లేని పెడలుతో ఎంత మంచి డ్రైవరు నడిపినా, ఎప్పుడూ కాలు ఆనించి నడిపినట్టే లెక్క.

ఆ ఖాళీ గురించి ఒక మాట. కడ్డీతోనో కేబులుతోనో పనిచేసే పాత రకం బళ్లలో పెడలు పైనుంచి సుమారు అంగుళం మేర తేలిగ్గా దిగాలి, ఆ తర్వాత బరువు తెలియాలి. మీ బండికి సరైన కొలత కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది తప్ప పెరగదు. ఇంజను మారినప్పుడు బేరింగు, ఫోర్కు కలిసే చోటు కూడా జరుగుతుంది కాబట్టి పాత సర్దుబాటు పనికిరాదు. ఆయిలు క్లచ్చి అయితే గొట్టాల్లో గాలి తీశారో లేదో అడగండి.

గేరుబాక్సు దింపించకముందు మీరే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఎదర బండ్లు లేని సమమైన రోడ్డు మీద టాప్ గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కండి. ఇంజను మోత లేచి, వేగం లేవకపోతే క్లచ్చి జారుతోంది. రెండోది. బండి నిలబెట్టి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా పెడలు పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్సు వెయ్యండి. అంతసేపు ఆగినా గర్రుమంటే క్లచ్చి పూర్తిగా వదలడం లేదన్న మాట. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. జారేదానికి కారణాలు వేరు, వదలనిదానికి కారణాలు వేరు. షెడ్డుకెళ్లి "క్లచ్చి బాలేదు" అనేస్తే రెండింటికీ ఒకే మందు వేస్తారు, అది కొత్త ప్లేటు.

చెవి కూడా పెట్టండి. న్యూట్రల్‌లో పెడలు వదిలినప్పుడు వచ్చే మోత తొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు ముందు బేరింగు. తొక్కడం మొదలుపెట్టగానే మోత వస్తే రిలీజు బేరింగు. గేరులో పెట్టి, పెడలు పూర్తిగా తొక్కి నిలబడ్డప్పుడు మాత్రమే వచ్చే సన్నటి కీచు అయితే పైలట్ బేరింగును అనుమానించాలి.

డ్రైవర్లంతా మచ్చలేనివాళ్లని నేననడం లేదు. అంతర్వేది తీర్థానికి వెళ్లే దారిలో గంటలకొద్దీ రద్దీలో బండిని అంగుళం అంగుళం హాఫ్ క్లచ్చి మీద జరిపేవాళ్లున్నారు. లంకలోంచి ఏటిగట్టు ఎక్కేచోట మధ్యలో ఆపి, బ్రేకు వెయ్యకుండా క్లచ్చి మీదే బండిని నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి ఒడ్డెక్కేటప్పుడు కిందనుంచే మొదటి గేరులో పెట్టి, మధ్యలో ఆపకుండా లాగించడం తెలిసిన డ్రైవరుకు ప్లేటు మన్నిక వేరు. అలాంటివాడు దొరికితే వదులుకోకండి. కానీ మన లంక దారులు కూడా గుర్తుంచుకోవాలి. ఇసకలో, అడుసులో, నిట్టనిలువు గట్టు మీద ఏ క్లచ్చయినా అరుగుతుంది. ఆ అరుగుదలకు నెలల లెక్క ఉంటుంది తప్ప రోజుల లెక్క ఉండదు.

వరద సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చినప్పుడు లంకలన్నీ మునిగాయి. అలా నీళ్లలో నిలబడ్డ బండ్ల బెల్ హౌసింగులోకి నీరు చేరితే, ఆరాక ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అంటుకుపోతుంది. పెడలు తొక్కినా వదలదు. మీరు కొనే సెకండుహ్యాండు ఇంజను అలాంటి నీళ్లు చూసిందో, ఏళ్ల తరబడి వానలో నానిందో ఎవరు చెబుతారు? ఫ్లైవీలు విప్పించి చూస్తే తుప్పు గుంటలే చెబుతాయి. ట్రాక్టరును గానీ లారీని గానీ వానాకాలం నెలల తరబడి ఊరికే నిలబెట్టేటట్టయితే పెడలు కిందకు నొక్కి ఉండేలా చెక్కముక్క అడ్డం పెట్టడం మంచి అలవాటు. ప్లేటు అంటుకోదు.

షెడ్డువాళ్లతోనూ నాకు పేచీ ఉంది గానీ, అందులో సగం తప్పు మనదే. మేస్త్రీ కొలతలు తీస్తానంటే "ఎంతసేపయ్యా, సాయంత్రానికి బండి కావాలి" అంటాం. విప్పి బిగించినందుకు కూలిస్తాం, కొలిచినందుకు ఇవ్వం. డయల్ గేజీ పెట్టి ఫ్లైవీలు, బెల్ హౌసింగు చూసే మేస్త్రీ అరగంట ఎక్కువ తీసుకుంటాడు, వంద రూపాయలు ఎక్కువడుగుతాడు. మనం పక్క షెడ్డుకు పోతాం. ఇంకోటి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. బెల్ హౌసింగులో దుమ్మును గాలి గొట్టంతో ఊదేస్తుంటారు. షెడ్డులో పనిచేసే చిన్న కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది అదంతా. తడిగుడ్డతో తుడవమనండి.

ఇంజను కొనేటప్పుడే ఫ్లైవీలు, ప్రెషరు ప్లేటు, వీలైతే బెల్ హౌసింగు కూడా దాంతోపాటే అడిగి తెచ్చుకోండి. అమ్మేవాళ్లు వాటిని విడిగా అమ్ముకోవాలని చూస్తారు. బేరం అక్కడ ఆడండి. గేరుబాక్సుతో సహా దొరికితే ఇంకా మేలు. ఆ ఇంజను ఏ బండిది, టర్బో ఉందా లేదా, నంబరు ఎంత అన్నది బిల్లు మీద రాయించుకోండి.

ఆ నంబరుతో మరో పనుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్పు ఇష్టమొచ్చినట్టు చేసుకునేది కాదు. రిజిస్ట్రేషను అధికారి అనుమతి తీసుకుని, కొత్త ఇంజను నంబరు ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ కావాలి, అక్కడ నంబరు చూస్తారు. రేపు వంతెన ఎక్కుతూ క్లచ్చి వదిలేసి బండి వెనక్కి జారి ఏదైనా జరిగితే, బీమావాళ్లు మొదట చూసేదీ ఆ నంబరే. బిల్లు లేని ఇంజను దొంగబండిదని తేలితే ఆ తలనొప్పి వేరు. అమలాపురం రవాణా కార్యాలయానికి ఒక పూట వెళ్లి రావడం బద్ధకమనిపించినా వెళ్లిరండి.

మీ బండి ఈ వారం షెడ్డులోనే ఉండి, గేరుబాక్సు ఇంకా ఎక్కించకపోతే ఇప్పుడే వెళ్లి కొత్త ప్లేటును గేరుబాక్సు షాఫ్టు మీద చేత్తో జరిపి చూడండి. పట్టకుండా, ఊగకుండా చివరిదాకా జారాలి. తర్వాత దాన్ని ఫ్లైవీలు మీద పెట్టి మధ్య స్ప్రింగులు బోల్టులకు తగులుతున్నాయేమో వేలు పెట్టి చూడండి. పైలట్ బేరింగు తిప్పి చూడండి, వెనక సీలు కొత్తదేనా అని అడగండి. వెళ్లేటప్పుడు డ్రైవరును కూడా వెంటబెట్టుకెళ్లండి.